సవరణ: 'ది సెంటినెల్' నవల కాదు, చిన్న కథ

సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ రాసిన 'ది సెంటినెల్' చదవమని మొన్నటి పోస్టులో రాశాను. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో కొందరు దాన్ని నవల అనుకుని వెతికారట. అది కొన్ని పేజీల కథ. 1953 నాటి 'ఎక్స్‌పెడిషన్ టు ఎర్త్' సంపుటంలో ఉంది, ఆ పేరుతో అడగండి.

'2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమా కథ ఇదేనని ఆ పోస్టులో అన్న మాటనూ సవరిస్తున్నాను. 1968 నాటి ఆ సినిమా ఇందులోంచి తీసుకున్నది బీజం మాత్రమే. 1948లో బీబీసీ పోటీకి రాసిన ఈ కథకు బహుమతి రాలేదు. సినిమాలో కనిపించే, మనిషిలా మాట్లాడే 'హాల్' అనే కంప్యూటర్ ఇందులో లేదు. చంద్రుడి మీద ఎవరో ఎప్పుడో వదిలివెళ్లిన మెరిసే పిరమిడ్ లాంటి కట్టడం, దాన్ని చూసిన మనిషి ఆలోచనలు, అంతే. ఆ ఆలోచనలే నన్ను కట్టిపడేశాయి. సినిమా చూసినవాళ్లు కూడా తప్పక చదవాలి.