మేయర్ మినహాయించిన పని

తాలిబాన్లు కాబూల్‌ను పట్టుకున్న నెలకు, 2021 సెప్టెంబర్‌లో, అక్కడి మున్సిపాలిటీ ఆడ ఉద్యోగుల్లో చాలామందిని ఇంట్లోనే ఉండమంది. మగవాళ్లు చేయడానికి వీల్లేని పనులు చేసేవాళ్లు మాత్రం రావచ్చట. అలాంటి పనికి తాత్కాలిక మేయర్ ఇచ్చిన ఉదాహరణ ఆడవాళ్ల మరుగుదొడ్లు కడగడం. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఒకావిడకు ఈ సంగతి చెప్పాను. "అయితే బాబూ, మగోలు ముట్టని పనే ఆలకి మిగిలిందన్నమాట" అని మళ్లీ పనిలో పడింది.

తర్వాత ఒకదాని వెనక ఒకటి నిషేధాలు వచ్చాయి. 2022 డిసెంబర్‌లో స్వచ్ఛంద సంస్థల్లో, 2023 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయాల్లో అఫ్గాన్ మహిళలు పనిచేయకూడదన్నారు. పరాయి మగవాళ్లతో కలవకూడదనే ఇదంతా అని ఎవరైనా నమ్మితే, అదే ఏడాది జూలైలో మూయించిన బ్యూటీ పార్లర్ల సంగతి చూడాలి. అక్కడ చేసేదీ ఆడవాళ్లే, చేయించుకునేదీ ఆడవాళ్లే. పెళ్లిళ్లలో దుబారా అన్నారు, కనుబొమలు తీయించుకోకూడదన్నారు. సుమారు 60 వేల మంది ఉపాధి పోతుందని మహిళా వ్యాపారుల సంఘం మొత్తుకున్నా వినలేదు. ఆడదాని చేతిలో సొంత డబ్బు, నలుగురు కూర్చుని మాట్లాడుకునే ఒక చోటు: నా లెక్కలో పాలకుల అసలు భయం ఈ రెండే.

పార్లర్ మూసినంత మాత్రాన పని ఆగిపోదు. గుట్టుగా ఇళ్లలో సాగుతుంది. ఎవరు తలుపు తట్టినా టెన్షన్. డబ్బులు తక్కువిచ్చినా నోరెత్తడానికి లేదు, ఎవరికి చెప్పుకుంటారు? పని ఉంటుంది, హక్కు పోతుంది.

ఈ సంగతి పలాసకు ఏ ఫర్మానా లేకుండానే తెలుసు. జీడి పిక్కలు కోసేవాళ్ల చేతులు పెంకులోని జీడి అంటి నల్లబడతాయి, పొక్కుతాయి. కిలో లెక్కన కూలి. పొట్టు తీయడానికి ఇంటికి తెచ్చుకున్న పప్పుకు హాజరు పుస్తకం ఉండదు. ఇక పీఎఫ్ సంగతి దేవుడెరుగు.

ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీల కథ ఇంకో రకం. జీతం పెంచమంటే మీది గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగితే, జనవరిలో అత్యవసర సేవలంటూ, సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. నెలకు 11,500 రూపాయల గౌరవం, సమ్మె చేస్తే అత్యవసరం!

అలాగని దీన్ని కాబూల్‌తో సమానం చేస్తే అక్కడి ఆడవాళ్లకు అన్యాయం చేసినట్టే. మనవాళ్లు పట్టపగలు టెంట్ వేసుకుని కూర్చున్నారు, నినాదాలు చేశారు. 42 రోజుల సమ్మె చర్చలతో, ఒప్పందంతో ముగిసింది. కాబూల్ వీధుల్లో "తిండి, పని, స్వేచ్ఛ" అని అరిచినవాళ్లలో కొందరిని 2022 జనవరిలో రాత్రిపూట ఇళ్లకు వచ్చి పట్టుకుపోయారు.