ఎనియాక్ ఇద్దరిదేనా?
ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఘనతంతా మాక్లీ, ఎకర్ట్‌లదేనని ఎవరైనా రాస్తే నాకు నచ్చదు. యంత్రాన్ని రూపొందించింది వాళ్లే, కాదనను. కానీ దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులున్న (స్విచ్చుల్లా పనిచేసే గాజు గొట్టాలు) ఆ యంత్రంతో లెక్కలు చేయించింది ఆరుగురు మహిళలు: కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలాస్, రూత్ లిక్టర్‌మాన్. అప్పటికి ప్రోగ్రామింగ్ భాషలెక్కడివి? డ్రాయింగులు చూసి యంత్రాన్ని అర్థం చేసుకుని, కేబుళ్లు మార్చి, స్విచ్చులు తిప్పేవారు. కొత్త లెక్కకు సిద్ధం చేయడానికే రోజులు పట్టేది. ఎనియాక్‌ను అందరికీ చూపిన 1946 ఫిబ్రవరి ప్రదర్శనలో ఆశ్చర్యపరిచిన, ఫిరంగి గుండు ఏ దారిలో వెళ్తుందో చెప్పే లెక్క బెట్టీ, జీన్ సిద్ధం చేసిందే. ఆ రాత్రి విందుకు మాత్రం తమను పిలవలేదని జీన్ తర్వాత చెప్పారు. నేను ఇంజినీరింగ్‌లో చదివిన పాఠంలోనూ మాక్లీ, ఎకర్ట్ పేర్లే ఉన్నాయి. ఈ ఆరు పేర్లు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు, అందుకే ఇంత బాధ.