సవరణ: మొబిలిటీ స్కూటర్ బ్యాటరీ గురించి

నడవలేని పెద్దవాళ్లు వాడే మొబిలిటీ స్కూటర్‌కు బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలని ఇంతకు ముందు రాశాను. అది తప్పు. ఆ పద్ధతి పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలది. ఈ స్కూటర్లలో ఎక్కువగా ఉండేవి సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు, 12 వోల్టులవి రెండు. వీటిని ఖాళీగా వదిలేస్తే లోపల సీసపు పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, ఛార్జి నిలవదు. వాడిన రోజు రాత్రే ఛార్జింగ్ పెట్టి, నిండేదాకా ఉంచండి. స్కూటర్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నది ఇదే. ఒంగోలులో బ్యాటరీలు బాగుచేసే ఆయన చెప్పిందీ ఇదే.

ఉప్పుగాలి తగిలే చోట టెర్మినళ్లు, అంటే బ్యాటరీకి వైర్లు బిగించే కొసలు, శుభ్రం చేయమని కూడా ఇంతకు ముందు రాశాను. ఆ మాటను కొందరు నీళ్లతో కడగమని అర్థం చేసుకున్నారు. దయచేసి కడగవద్దు. కొత్తపట్నం, మైపాడు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో టెర్మినల్ అంచున తెల్లటి పొడి, ఒక్కోసారి ఆకుపచ్చగా, పేరుకుంటుంది. స్విచ్ ఆపి, ఛార్జర్ తీసేసి, చేతికి తొడుగు వేసుకుని పొడిగుడ్డతో తుడవండి. ఆపైన పలుచగా వాజలిన్ రాస్తే చాలు. ఇన్వర్టర్ బ్యాటరీలాగా వీటిలో డిస్టిల్డ్ వాటర్ పోయకూడదు, మూత పెకలించనే కూడదు.

లిథియం బ్యాటరీ ఉన్న స్కూటర్‌కు ఛార్జర్, నియమాలు వేరు. దాని పుస్తకంలో ఉన్నట్టే చేయండి.