సంక్రాంతి ఆర్కిడ్ కోసం గునపం పట్టుకుని కొండెక్కే వాళ్లకు

భోగి నాటి నుంచి ఈ మెసేజ్ నాకు పదకొండు సార్లు వచ్చింది. కాలేజీ గ్రూపులో వచ్చింది, వీధి గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా పిన్ని కూడా పంపింది. టోపీ పెట్టుకున్న చిన్న మనుషుల్లా కనిపించే గులాబీ రంగు పువ్వుల ఫొటో, కింద ఇలా రాసి ఉంది: "ఈ అడవి ఆర్కిడ్ మన శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో సంక్రాంతి రాత్రి మాత్రమే పూస్తుంది. చెట్ల రసం పీల్చి బతుకుతుంది. చేతివేళ్లలా చీలిన దీని దుంపను పాలలో అరగదీసి తాగితే మగతనం రెట్టింపవుతుంది. తవ్వి తెచ్చి కుండీలో పెట్టుకుంటే ఏటా పూస్తుంది. చలికాలంలో మన నేల మీద పూసే ఆర్కిడ్ ఇది. పదిమందికీ పంపండి."

పదిమందికీ పంపారు. ఇప్పుడు దీన్ని కూడా పంపండి.

ఫొటోలో ఉన్నది ఆర్కిస్ ఇటాలికా. ఇటలీ, గ్రీసు, టర్కీ లాంటి మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల మొక్క. మన కొండల్లో లేదు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి కాబట్టి ఆ నేల ఆర్కిడ్లు శరదృతువులో ఆకు వేసి, చలంతా నేలకు అంటుకుని గడిపి, చలి తగ్గాక పూస్తాయి. ఎండాకాలంలో పైనంతా ఎండిపోయి దుంపగా మిగులుతాయి. ఇటాలికా పూత మార్చి నుంచి మే దాకా. జనవరి మధ్యలో దాని సొంత ఊళ్లో కూడా మామూలుగా ఆకులే కనిపిస్తాయి. సంక్రాంతి రాత్రి మాట అంతటితో సరి.

చెట్ల రసం పీల్చేది బదనిక. ఆర్కిడ్ కాదు. కొమ్మ మీద పెరిగే ఆర్కిడ్ కూడా చెట్టును పట్టుకుని ఉంటుందే కానీ దాని రసం తాగదు.

ఇక దుంప. నాకు నిద్ర పట్టనివ్వని మాట ఇదే.

ఆర్కిడ్ అనే పేరే గ్రీకులో వృషణం అనే మాట నుంచి వచ్చింది. అక్కడి నేల ఆర్కిడ్లకు మట్టిలో రెండు గుండ్రటి దుంపలు జంటగా ఉంటాయి. ఒకటి ఈ ఏటి పువ్వుకు తిండి పెట్టి ముడుచుకుపోతుంటుంది, రెండోది వచ్చే ఏటి కోసం నిండుగా ఊరుతుంటుంది. ఆ ఆకారం చూసి పాతకాలం వాళ్లు ఫలానా అవయవానికి పనికొస్తుందని అనుకున్నారు. ఆకారమే మందైతే, జీడిపప్పు అచ్చం కిడ్నీలాగే ఉంటుంది కదా. మరి ఉద్దానంలో జీడితోటల మధ్య పుట్టి పెరిగిన మనవాళ్లు డయాలసిస్ మంచాల మీద ఎందుకున్నారు? చెప్పండి.

టర్కీలో ఆ దుంపల పొడి వేసి చలికాలంలో వేడి పాలు తాగుతారు. సలేప్ అంటారు. అందులో ఉన్న గ్లూకోమానన్ అనే పిండి పదార్థం పాలను చిక్కగా చేస్తుంది, అంతే. ఆ పొడి కిలో కావాలంటే వెయ్యికి పైగా దుంపలు తవ్వాలి. వాళ్లు తీసుకునేది ఊరిన దుంపనే, అంటే వచ్చే ఏటి మొక్కనే. వేళ్లలా చీలిన దుంప హిమాలయాల్లోది. సాలం పంజా పేరుతో అమ్ముతారు. అది దాదాపు రెండున్నర వేల మీటర్ల ఎత్తు నుంచి మొదలవుతుంది. మన పక్కనున్న మహేంద్రగిరి 1,501 మీటర్లు.

మరి మన కొండ మీద, ఆకులన్నీ ఎండిపోయిన జనవరిలో, వేళ్లలా చీలిన దుంప కోసం తవ్వితే ఏం దొరుకుతుంది?

కనుమ మర్నాడు మా చిన్నాన్న కొడుకు గోనెసంచి తెచ్చి మా అరుగు మీద కుమ్మరించాడు. "ఏటన్నా, ఇదే కదా సాలం పంజా?" అన్నాడు. చేతిలోకి తీసుకున్నాను. బెత్తెడు పొడవు, గోధుమరంగు తొక్క, పంగలకర్రలా రెండుగా చీలి కొసలు సన్నబడ్డాయి. గోటితో గీస్తే లోపల తెల్లగా ఉంది. అడవినాభి! వానాకాలంలో కంచెల మీద ఎరుపు పసుపు కలిసి మంటలా పూస్తుందే, ఆకు కొసలే తీగలై పక్క కొమ్మను చుట్టుకుంటాయే, అదే. మా పెరటి కంచెకు ఉంది కాబట్టి దాని దుంప నాకు తెలుసు. వాడు అప్పటికే పాలు కాచమని మా మరదలికి చెప్పి వచ్చాడు.

అడవినాభి దుంపలో కొల్చిసిన్ ఉంటుంది. గౌట్ నొప్పికి డాక్టర్లు అర మిల్లీగ్రాము మాత్రగా లెక్కపెట్టి ఇచ్చే మందు అది. దుంప అరగదీసి తాగినవాడికి ఆ లెక్క ఎవరు చెబుతారు? కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఏదో పడలేదులే అనుకునేలోగా కిడ్నీలు, గుండె, రక్తం దెబ్బతింటాయి. ప్రాణం పోతుంది. ఎవరైనా ఇప్పటికే తాగి ఉంటే వాంతులయ్యే దాకా ఆగకండి, మిగిలిన దుంప ముక్క కూడా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఈ మెసేజ్ రాసినవాడు ఆ అరుగు మీద ఉండి ఉంటే బాగుండేది. మా మరదలి మొహం చూసేవాడు.

కుండీ సంగతి. ఆర్కిడ్ గింజ దుమ్ము రేణువంత ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. ఫలానా శిలీంధ్రం వచ్చి తిండి అందిస్తేనే మొలుస్తుంది, పువ్వు దాకా రావడానికి చాలా జాతులకు ఏళ్లు పడుతుంది. పెద్దయ్యాక కూడా చాలా నేల ఆర్కిడ్లకు ఆ మట్టి, ఆ శిలీంధ్రం కావాలి. నర్సరీ మట్టిలో పెడితే దుంపలో ఉన్న బలంతో ఒక ఏడు పూసి, మెల్లగా చచ్చిపోతుంది. రిజర్వు అడవిలో తవ్వడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం కూడా. అది చెబితే "ఎవడు చూస్తాడు" అంటున్నారు. సరే, ఎవడూ చూడడు. మొక్క మాత్రం పోతుంది.

ఆఖరి వాక్యం: చలికాలంలో మన నేల మీద పూసే ఆర్కిడ్. ఇదీ అబద్ధమేనని రాయబోయి ఆగాను. మన నేల ఆర్కిడ్లలో హాబెనేరియాల లాంటివి వానల్లోనే పూస్తాయి, చలికాలం దుంపగా పడుకుంటాయి. కానీ అన్నీ కాదు. యూలోఫియాల్లో కొన్ని శివరాత్రి రోజుల్లో ఎండు నేలలోంచి కాడ వేస్తాయి. ఇంకా చిన్నది జ్యూక్సీన్. డిసెంబరు నుంచి పూస్తుంది. కాబట్టి ఆ ఒక్క మాట నిజం, ఒప్పుకుంటున్నాను. నిజం చెప్పాలంటే, ఖండించడానికి వెతకబట్టే నేను జ్యూక్సీన్‌ను మొదటిసారి సరిగ్గా చూశాను. మా ఊరి చెరువు గట్టు దిగువన, తడి గడ్డిలో, నేను రోజూ బండి మీద వెళ్లే దారి పక్కనే ఉంది. జానెడు కూడా లేదు. రాగి రంగు తిరిగిన సన్నటి ఆకులు గడ్డిలో కలిసిపోయాయి. పైన బియ్యపు గింజలంత తెల్లని పువ్వులు, ఒక్కోదానికి పసుపు పెదవి. దాని కింద తవ్వడానికి ఊరిన దుంప ఏమీ ఉండదు.

ఫిబ్రవరి నెలంతా కనిపించవచ్చు. పొద్దున్నే రండి, నేనే తీసుకెళ్లి చూపిస్తాను. మోకాళ్ల మీద కూర్చోవాలి, గడ్డి తడిగా ఉంటుంది. గునపం ఇంటి దగ్గర వదిలేసి రండి.