సాబ్ నవల్లో ఆడవాళ్ళ గోడు ఎవరో తెచ్చి అతికించింది కాదు

గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బానిసత్వాన్ని తిడుతూ వచ్చిన మొదటి నవల 1852లో అమెరికాలో వచ్చిన అంకుల్ టామ్స్ క్యాబినే అంట, ఆ కాలం నవలల్లో ఆడవాళ్ళ అణచివేత గురించి ఏమీ లేదంట, అదంతా ఇప్పటి ఫెమినిస్టులు దూర్చిందేనంట, అయినా బానిసలతో తోటలు సాగుచేయించే ఇళ్ళల్లో పుట్టిన దొరసానులకి కష్టాలేంటి అంట.

మొదటిది తేల్చేద్దాం. అప్పుడు స్పెయిన్ చేతిలో ఉన్న క్యూబాలో 1814లో పుట్టిన గెర్ట్రూడిస్ గోమెజ్ దె అవెయానెద రాసిన "సాబ్" 1841లో మాడ్రిడ్‌లో అచ్చైంది, అంటే 11 ఏళ్ళు ముందే. ఇదే మొదటిదని నేనూ అనను, అఫ్రా బెన్ 1688లోనే బానిసైన ఒక ఆఫ్రికా రాకుమారుడి కథ రాసింది, అది బానిసత్వానికి వ్యతిరేకమా కాదా అని ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

ఇక దూర్చారన్న మాట. అసలు కథ ఏంటంటే సాబ్ అనే బానిస యజమాని కూతురు కార్లోటాని ప్రేమిస్తాడు, ఆమెకేమో ఇంగ్లీషు వ్యాపారి కొడుకు ఎన్రికే మీద మనసు, వాడికి ఆమె ఆస్తి మీద. ఆస్తి తగ్గిందని తెలిసి వాడు వెనక్కి తగ్గుతుంటే, సాబ్ తనకి తగిలిన లాటరీ టికెట్‌ని గుట్టుగా ఆమె టికెట్ బదులు పెట్టేస్తాడు, కట్నం వచ్చిందని పెళ్ళి అయిపోతుంది. దిక్కులేని బంధువులమ్మాయి తెరేసాకి సన్యాసినుల మఠమే గతి. చనిపోయే ముందు సాబ్ రాసిన ఉత్తరంలో ఆడవాళ్ళూ బానిసల్లాగే సంకెళ్ళు ఈడుస్తున్నారనీ, బానిసైతే యజమాని మారొచ్చు, డబ్బు కూడబెట్టి విడుదల కొనుక్కోవచ్చు, ఆడదానికి మాత్రం సమాధిలోనే విడుదల అనీ ఉంటుంది. ఆ కొనుక్కోవడం ఉత్తి కల్పన కాదు, క్యూబాలో బానిస తన ధర ఖాయం చేయించుకుని వాయిదాల్లో కట్టుకునే పద్ధతి నిజంగానే ఉండేది. ఇంత సూటిగా రాసుంటే ఇంకెవరు దూర్చాలి? 1844లో క్యూబా సెన్సారోళ్ళు సాబ్‌తో పాటు పెళ్ళి వ్యవస్థని ప్రశ్నించిన ఆమె ఇంకో నవలనీ కలిపి ఆపేశారు, వాళ్ళైతే ఫెమినిస్టులు కారుగా!

దొరసానికి కష్టాలేంటి అంటే, 1853లో స్పానిష్ భాష బాగోగులు చూసే రాయల్ అకాడమీ అవెయానెదని ఆడమనిషనే కారణంతోనే లోపలికి రానివ్వలేదు, అప్పటికి ఆమె పేరున్న కవయిత్రి, నాటకకర్త. కాకపోతే ఇక్కడ మెసేజ్‌లో ఒక చిన్న నిజం ఉంది. ఆమెది బానిసల్ని పెట్టుకున్న ఇల్లే, భార్య బతుకు బానిస బతుకు కంటే హీనం అనడం నాకూ మింగుడుపడదు, కొరడా దెబ్బలు తిని పిల్లల్ని అమ్మేస్తుంటే చూస్తూ ఉండాల్సొచ్చిన మనిషి ఆ మాట ఒప్పుకుంటుందా? 1831లో లండన్‌లో తన కథ చెప్పి రాయించిన మేరీ ప్రిన్స్ బెర్ముడాలో బానిసగా పుట్టింది, ఆమెని తల్లి కళ్ళముందే వేలం వేశారు. అది చదివాక సాబ్ చదివితే నవల్లో ఎవరికి చోటు లేదో తెలుస్తుంది. సాబ్ తల్లి కాంగోలో రాచపుట్టుక, బానిసగా అమ్ముడైంది, బిడ్డ తండ్రెవరో ఎవరికీ చెప్పలేదు, యజమాని తమ్ముడే అని మనకి సూచనగా అర్థమవుతుంది, బానిసత్వమూ ఆడదాని కష్టమూ రెండూ మోసింది ఆమె, ఆమెకి మాత్రం నవల్లో దక్కింది కొన్ని లైన్లే.