లుంగీకి సైజు ఉండదు కదండీ

మా బాబాయి నన్ను చూసినప్పుడల్లా అదే మాట. "నీకు షుగరేంట్రా, బక్కపీనుగవి! మన వంశంలో ఎవడైనా లావుగా ఉన్నాడా?" ఆయనొక్కడే కాదు, మా అమలాపురం చుట్టుపక్కల ఎవర్ని కదిపినా షుగరూ గుండెపోటూ అంటే లావుపాటివాళ్ళ జబ్బులే. రెండేళ్ళ కిందటి దాకా నేనూ ఆ బాపతే.

అప్పుడు మా ఊళ్ళో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 67 కిలోలు. అక్కడున్న అమ్మాయి ఫోన్లో లెక్కేసి, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువేనా అని చూసే లెక్క) 23.7 అని చెప్పి, గోడకంటించిన చార్టు చూపించింది. 25 లోపంతా ఆకుపచ్చ. "మీకేం పర్లేదండి" అంది. రక్తపరీక్ష దగ్గర లైను చాంతాడంత ఉంది. ఆకుపచ్చలోనే ఉన్నాం కదాని ఇంటికొచ్చేశాను. ఆరు నెలలకి కాల్లో మేకు దిగింది. పుండు ఎంతకీ మానదు. పరీక్ష చేయిస్తే, మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 8.2. షుగరే.

ఆ పిల్లని ఏమనను, పాపం. నా మంట ఆ చార్టు మీద. 25 అన్న గీత ప్రధానంగా తెల్లవాళ్ళ లెక్కల్లోంచి వచ్చింది. ఆసియా వాళ్ళకి 23 నుంచే జాగ్రత్త మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు 2004లోనే చెప్పారు. మన దేశపు లెక్కలోనూ 23 దాటితే అధిక బరువే. ఇన్నేళ్ళయినా మా ఊరి గోడ మీద ఆ గీత జరగలేదు!

అదే ఏడాది పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఒక ఫొటో అచ్చేయించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. పైకి చూస్తే ఇద్దరూ సన్నమే. మనకి కండ తక్కువ, కొవ్వేమో పొట్టలో, కాలేయం చుట్టూ చేరుతుంది. అక్కడ చేరిన కొవ్వు, రక్తంలో చక్కెరని అదుపు చేసే ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచెయ్యనివ్వదు. గుండె సంగతీ అంతే. చాలా దేశాల్లో గుండెపోట్ల మీద జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మిగతా దేశాలవాళ్ళకి తొలి గుండెపోటు సగటున 59 ఏళ్ళకి వస్తే, మన దక్షిణాసియా వాళ్ళకి 53కే వచ్చింది.

మన ఊళ్ళలో ఇవన్నీ ఎక్కడంటారా? 2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఏడాది పాటు చావులన్నీ లెక్కరాశారు. మొత్తం 1,354. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే. పల్లెటూళ్ళండీ, హైదరాబాదు కాదు.

ఇది చెప్తే వెంటనే ఇంకో రకం తయారవుతారు. "మన జీన్సే అంత, ఏం చేస్తాం" అని కాజా నోట్లో వేసుకుంటారు. మా తాతవీ ఈ జీన్సే కదా! ఆయన మోకాలిలోతు బురదలో నాట్లు వేయించి, గట్ల మీద నడిచి ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు కోతకి మిషను. చేలు చెరువులయ్యాయి, రొయ్యలకి మేత చల్లడానికి గట్టు చివరిదాకా బండి మీదే పోతాం. తిండిలో మాత్రం మూడు పూటలా అన్నం తగ్గలేదు. ఇంకో తమాషా ఏంటంటే, మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ బియ్యం రక్తంలో చక్కెరని మెల్లగా పెంచే రకాల్లో ఒకటని తేలింది. మనం దాన్ని ముతకని అమ్మేసి, తెల్లగా పాలిష్ పట్టిన సన్నాలు కొనుక్కుంటాం.

బరువు కాటా కంటే మా ఆవిడ కుట్టుమిషను టేపు నయమని నాకు ఆలస్యంగా తెలిసింది. మగాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదంటారు. నాది 94. ప్యాంటేసుకునేవాడికి బెల్టు బెజ్జమైనా చెప్తుంది. మనం ఇంటికి రాగానే లుంగీలోకి దిగిపోతాం. పొట్ట ఎంత పెరిగినా లుంగీ ఏమీ అనదు, ఇంకాస్త కిందకి జారి సర్దుకుంటుంది.

మొన్నాదివారం బాబాయికీ కొలిచాను. చేతులూ కాళ్ళూ చీపురుపుల్లలే. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. "వదిలెయ్ బాబాయ్" అన్నాను. వదిలాడు. 98. "టేపు సాగిపోయుంటుందిరా" అన్నాడు. పరగడుపున ల్యాబుకి రమ్మంటే, చెరువు పట్టుబడి ఉంది, వచ్చేవారం చూద్దామన్నాడు. ఆయన వచ్చేవారం అనడం ఇది నాలుగోసారి.