టార్పాలిన్ చాటున తిండి తయారీ

పక్క గదిలో గోడ పగలగొడుతుంటే ఈ గదిలో పాలకోవా ప్యాకింగ్ సాగుతుంటుంది. మధ్యలో అడ్డం ఒక నీలం టార్పాలిన్. పండగ ఆర్డర్లు మీద పడే వేళ విస్తరణ పనులు పెట్టుకున్న చాలా పాల డెయిరీలు, స్వీట్ల యూనిట్ల తీరు ఇదే. అడిగితే ‘నాలుగు రోజుల పనే, తాత్కాలికం’ అంటారు.

తయారీ లైను ఆపితే నష్టమని యాజమాన్యాల వాదన. నిజమే కావచ్చు. ఆ నష్టాన్ని జనం కడుపుల మీదికి నెట్టే హక్కు మాత్రం వారికి లేదు.

పాత గోడల్లో, ఫాల్స్ సీలింగ్ పైన, డ్రెయిన్లలో ఏళ్ల తరబడి పేరుకున్న మురికిలో బూజు, సాల్మొనెల్లా, లిస్టీరియా అనే రోగకారక బ్యాక్టీరియా దాగి ఉంటాయి. గోడ కదిలిస్తే లేచేది ఉత్త దుమ్ము కాదు. లిస్టీరియా ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. పాలను వేడిచేసే పాశ్చరైజేషన్ దాన్ని చంపుతుంది సరే, ఆ తర్వాత ప్యాకింగ్ దగ్గర పడిన దాని సంగతేమిటి? 1998లో అమెరికాలోని మిచిగన్‌లో ఒక మాంసం కర్మాగారంలో సీలింగ్ శీతలీకరణ యూనిట్‌ను పీకాక లిస్టీరియా వ్యాపించి పలు రాష్ట్రాల్లో ప్రాణాలు పోయాయి. అదీ తాత్కాలిక పనే!

అడ్డుగోడ నేల నుంచి శ్లాబు దాకా ఉండాలి. ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆపేస్తే దుమ్ము పైనుంచి దాటుతుంది. పని జరిగే వైపు గాలిని ఎగ్జాస్ట్‌తో బయటికి లాగాలి, అక్కడి గాలిని ఏసీలోకి తిరిగి లాగే రిటర్న్ డక్టులు మూసేయాలి. తలుపు సందులో టిష్యూ కాగితం పట్టుకుంటే అది పని వైపే వాలాలి. ప్యాకింగ్ వైపు వాలితే లైను ఆపాల్సిందే. మేస్త్రీలకు, కూలీలకు దారి, మరుగుదొడ్డి వేరుగా ఉండాలి. దుమ్ము అణగాలని నీళ్లు చల్లడం మనకు అలవాటు. పాలపొడి యూనిట్లో అదే కొంప ముంచుతుంది. ఎండు దుమ్ములో పడి ఉన్న సాల్మొనెల్లా పెరగడానికి ఆ తడి చాలు. మెటల్ డిటెక్టర్ ఉందిగా అనే ధీమా మరీ విడ్డూరం. సిమెంటు పెళ్ల, పెయింటు పొర దానికి కనబడవు.

పని ముగిశాక వ్యాక్యూమ్, కడుగుడు, శానిటైజర్ అయ్యాక డ్రెయిన్లలో, మెషిన్ల కింద దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపే నమూనాలు (స్వాబ్‌లు) తీయాలి. ఫలితాలు వచ్చేదాకా సరుకు గోడౌను దాటకూడదు. తాత్కాలికం అన్నవారే ఆ ఫలితాలు రాకముందే సరుకు పంపేయాలని తొందరపడతారు.

అపరిశుభ్ర తయారీకి ఆహార భద్రత చట్టం 56వ సెక్షన్ కింద జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. పెద్ద యూనిట్‌కు ఒక పూట లైను ఆపడం కంటే అదే చవక. ఈ లెక్క తెలిసీ లేఅవుట్ కాగితాల మీద సంతకాలు చేసే అధికారులు పనులు నడుస్తుండగా ఒక్కసారైనా గడప తొక్కరేం? ‘తాత్కాలికం’ అన్న మాట వినగానే ఫైలు మూసేసే ఉద్యోగానికేనా జీతం?